యుద్ధంలో సామాన్యుల మరణాల లెక్కను సరిచూడటం ఎలా? సమగ్ర మార్గదర్శి

1945 ఫిబ్రవరి 13 రాత్రి మొదలుపెట్టి బ్రిటిష్, అమెరికన్ విమానాలు జర్మనీలోని డ్రెస్డెన్ నగరం మీద బాంబులు కురిపించాయి. నెల దాటాక అక్కడి పోలీసుల అంతర్గత ఆదేశం ఒకటి, దొరికిన మృతదేహాలు 20,204 అని లెక్క చెప్పి, మొత్తం 25 వేల దాకా ఉండవచ్చని రాసింది. అదే కాగితం నకలు బయటికొచ్చేసరికి ఆ సంఖ్య 2,02,040 అయింది. 25 వేలు కాస్తా రెండున్నర లక్షలైంది. చివర ఒక్క సున్నా చేర్చారు. నాజీ ప్రచార యంత్రాంగం వదిలిన ఆ సున్నా దశాబ్దాల పాటు పుస్తకాల్లో, ప్రసంగాల్లో తిరిగింది. నగరమే నియమించిన చరిత్రకారుల సంఘం శ్మశానాల రికార్డుల దాకా వెళ్లి అన్నీ తిరగేసి, మృతులు ఎక్కువలో ఎక్కువ 25 వేలని 2010లో తేల్చింది. అంటే ఒక్క సున్నాను తుడవడానికి 65 ఏళ్లు పట్టింది.

ఇప్పుడు అలాంటి సంఖ్య మన ఫోన్లోకి రావడానికి పది నిమిషాలు చాలు. ఒకరు దాన్ని కళ్లు మూసుకుని ఫార్వర్డ్ చేస్తారు, ఇంకొకరు అంతా అబద్ధమని కొట్టిపారేస్తారు. రెండూ తేలికైన పనులే. విప్పి చూడటం కష్టం. విప్పుకుంటూ పోతే ఏ మృతుల సంఖ్యకైనా అడుగున ఉండాల్సింది ఒక మనిషి పేరు. ఆ పేరు దాకా దారి ఉందా, ఉంటే ఎక్కడ తెగింది? పరిశీలన అంటే ఇదే. విలేకరులకు, అనువాదకులకు, విద్యార్థులకు, ఒక సంఖ్యను నలుగురికి చెప్పేముందు ఆగి ఆలోచించే ఎవరికైనా పనికొచ్చేలా ఆ దారిని అడుగులుగా రాస్తున్నాను.

1. ముందు సంఖ్య పక్కనున్న మాట చదవండి

తెలుగులో మనం తరచుగా చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. ఇంగ్లిష్ వార్తల్లో కనిపించే 'క్యాజువల్టీస్'లో చనిపోయినవాళ్లతోపాటు గాయపడినవాళ్లూ ఉంటారు. సైన్యాల లెక్కల్లో ఆచూకీ లేనివాళ్లు, శత్రువుకు చిక్కినవాళ్లు కూడా అందులోకే వస్తారు. హడావిడిలో దాన్ని 'మృతులు' అని రాసేస్తే, ఆస్పత్రి మంచం మీద బతికున్న మనిషిని మనమే చంపేసినట్టు. లక్షలు, మిలియన్ల మధ్య కూడా ఇలాగే జారిపోతుంటాం. మిలియన్ అంటే పది లక్షలని అందరికీ తెలుసు, అయినా రాత్రి షిఫ్టులో ఒక సున్నా ఎగిరిపోతుంది.

మాట సరిచూసుకున్నాక నాలుగు ప్రశ్నలు వేయండి. ఎవరిని లెక్కపెట్టారు, సామాన్యులనా అందరినా? ఏ కారణంతో పోయినవాళ్లను? ఏ ప్రాంతంలో? ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా?

ఈ నాలుగూ అడక్కపోతే ఏమవుతుందో ఇరాక్ చూపిస్తుంది. 2003 మార్చిలో మొదలైన యుద్ధంలో 2006 మధ్య వరకు జరిగిన మరణాలకు మూడు సంఖ్యలు ప్రచారంలో ఉండేవి. పత్రికా కథనాల ఆధారంగా లెక్క రాసే ఇరాక్ బాడీ కౌంట్ దగ్గర 50 వేల లోపు. ఇరాక్ ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి చేసిన కుటుంబ సర్వేలో 1,51,000. లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన సర్వేలో 6,55,000. మొదటిది వార్తల్లోకి ఎక్కిన సామాన్య పౌరుల హింసాత్మక మరణాలు. రెండోది సాయుధులతో సహా హింసలో పోయిన అందరూ. మూడోది 'అదనపు మరణాలు', అంటే యుద్ధం లేకపోతే జరగవనుకున్న అన్ని రకాల మరణాలు, జబ్బులతో పోయినవాళ్లతో కలిపి. ఈ మూడింటినీ ఒకే గ్రాఫులో పక్కపక్కన పెట్టి 'ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారు' అనడం అన్యాయం. అలాగని తేడా అంతా నిర్వచనాలదే అని కూడా సర్దుకోకూడదు. లాన్సెట్ లెక్కలో హింసాత్మక మరణాలే ఆరు లక్షలకు పైగా ఉన్నాయి, రెండో సర్వేకి అది నాలుగు రెట్లు. ఆ తేడా ఎందుకొచ్చిందో ఏడో అడుగులో చూద్దాం.

అదనపు మరణాల లెక్కకు ఒక బలహీనత పుట్టుకతోనే ఉంటుంది. యుద్ధం రాకపోతే ఎంతమంది చనిపోయేవారో ముందు అనుకోవాలి, ఆ అనుకున్నదాన్ని బట్టే ఫలితం. కాంగోలో 1998 నుంచి 2007 దాకా 54 లక్షల అదనపు మరణాలని ఇంటర్నేషనల్ రెస్క్యూ కమిటీ అనే సహాయ సంస్థ అంచనా కట్టింది. వాటిలో అత్యధికం మలేరియా, విరేచనాలు, న్యుమోనియా, పోషకాహార లోపం వల్ల పోయినవే. పోలిక కోసం సహారా దిగువ ఆఫ్రికా దేశాల సగటు మరణాల రేటు తీసుకున్నారు. కాంగో పరిస్థితి యుద్ధానికి ముందే ఆ సగటు కన్నా దారుణమని, కాబట్టి 'అదనపు' వాటా పెరిగిపోయిందని విమర్శకులు అన్నారు. మందు దొరక్క పోయిన పసిబిడ్డ యుద్ధం వల్లే పోయిందని నేనూ అంటాను. కానీ ఆ సంఖ్యను 'యుద్ధంలో హతమైనవాళ్లు' అని రాస్తే మాత్రం తప్పు.

2. సంఖ్య పుట్టినచోటికి వెళ్లండి

పది చానళ్లు ఒకే సంఖ్య చెప్పాయంటే పది ఆధారాలు ఉన్నట్టు కాదు. చాలాసార్లు పదింటి వెనకా ఒకే ఏజెన్సీ, దాని వెనక ఒకే అధికారి ప్రకటన ఉంటాయి. కథనంలో 'ప్రకారం', 'తెలిపింది', 'పేర్కొంది' అనే మాటలు పట్టుకుని వెనక్కి నడవండి. పత్రిక, ఏజెన్సీ, మంత్రిత్వ శాఖ, ఆస్పత్రి, చివరికి మార్చురీలో రిజిస్టరు రాసే మనిషి. ఐక్యరాజ్యసమితి పేరు కనిపించగానే ఊపిరి పీల్చుకోకండి. ఆ సంఖ్యను వాళ్లే ధ్రువీకరించారా, లేక ఎవరో ఇచ్చినదాన్ని వాళ్ల పేరు చెప్పి ప్రచురించారా? రెండింటికీ చాలా దూరం ఉంది.

యుద్ధం చేస్తున్న పక్షమే లెక్క చెబుతుంటే అనుమానించాలి, నిజమే. కానీ అనుమానం దగ్గరే ఆగిపోకూడదు. ఆ సంస్థ ఇంతకు ముందు చెప్పిన లెక్కలు తర్వాతి పరిశీలనలో ఎంతవరకు నిలిచాయో చూడాలి. 2014 గాజా యుద్ధాన్నే తీసుకోండి. గాజా ఆరోగ్య శాఖ లెక్క 2,310, ఐక్యరాజ్యసమితి లెక్క 2,251, ఇజ్రాయెల్ లెక్క 2,125. మొత్తం విషయంలో ముగ్గురూ దగ్గర దగ్గరగానే ఉన్నారు. వాళ్లలో సామాన్యులు ఎందరు, సాయుధులు ఎందరు అన్న దగ్గరే గొడవ. ఈ రెండు ప్రశ్నలను విడదీయగలిగితే సగం టెన్షన్ తగ్గుతుంది.

3. మొదటి రోజు సంఖ్యకు తేదీతోపాటు గంట కూడా రాసుకోండి

2022 మార్చి 16న ఉక్రెయిన్‌లోని మరియుపోల్ డ్రామా థియేటర్ మీద బాంబు పడింది. లోపల వందలమంది తలదాచుకుంటున్నారు. పైనుంచి విమానాలకు కనపడాలని ముందూ వెనకా నేల మీద పెద్ద అక్షరాలతో 'పిల్లలు' అని రాశారు కూడా. దాదాపు 300 మంది పోయారని ప్రత్యక్ష సాక్షుల మాటల ఆధారంగా నగర పాలక మండలి మొదట చెప్పింది. బతికి బయటపడ్డవాళ్లతో మాట్లాడి, ఏ గదిలో, ఏ మెట్ల మీద ఎంతమంది ఉన్నారో భవనం ప్లాన్ మీద పేర్చుకుంటూ వెళ్లిన అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తా సంస్థ 600 దగ్గర తేలింది. మానవహక్కుల సంస్థ అమ్నెస్టీ ఇంటర్నేషనల్ కనీసం పన్నెండు మంది అని, నిజానికి ఇంకా చాలామంది ఉండి ఉంటారని రాసింది. దాడికి ముందు రెండు రోజుల్లో చాలామంది ఆ భవనం వదిలి వెళ్లిపోయారన్నది వాళ్లకు దొరికిన సమాచారం. నగరం రష్యా చేతిలోకి పోయింది. అదే ఏడాది డిసెంబరులో భవనాన్ని కూల్చేశారు. శిథిలాల్లో వెతికి తేల్చుకునే అవకాశమే లేకుండా పోయింది.

పన్నెండు, మూడు వందలు, ఆరు వందలు. వీళ్లలో ఎవరూ కావాలని అబద్ధం చెప్పారని నేను అనుకోను. అమ్నెస్టీ రుజువు చేయగలిగిన కనిష్ఠాన్ని చెప్పింది, ఏపీ లోపల ఉన్నవాళ్ల సంఖ్యను బట్టి అంచనా కట్టింది, నగర మండలి చేతికందిన మాట చెప్పింది. చదివేవాళ్లు ఈ తేడా గమనించాలి.

మొదటి సంఖ్య పెరగడమే కాదు, తగ్గనూ వచ్చు. 2023 అక్టోబరు 7న హమాస్ దాడిలో 1,400 మంది చనిపోయారని మొదట్లో చెప్పిన ఇజ్రాయెల్, నవంబరులో దాన్ని సుమారు 1,200కి తగ్గించింది. గుర్తుపట్టలేనంతగా కాలిపోయిన దాదాపు 200 దేహాలు దాడికి వచ్చినవాళ్లవేనని పరీక్షల్లో తేలింది. అక్టోబరు 7 దాడి జరిగిన పది రోజులకు గాజాలోని అల్ అహ్లి ఆస్పత్రి ఆవరణలో పేలుడు జరిగినప్పుడు గంటల్లోనే 500 మంది అన్న మాట ప్రపంచమంతా పాకింది. మర్నాటికి అక్కడి ఆరోగ్య శాఖే 471 అంది. అమెరికా నిఘా వర్గాల అంచనా 100 నుంచి 300. పేలుడు జరిగిన గంటకే నిండు సంఖ్య రావడంలోనే హెచ్చరిక ఉంది. శరీరాలు లెక్కపెట్టడానికి ఎవరికైనా అంతకన్నా ఎక్కువ టైమ్ పడుతుంది.

కాబట్టి దాడి జరిగిన రోజు సంఖ్యను రాసుకోవాల్సి వస్తే పక్కన గంట, చెప్పింది ఎవరు అన్నవి రాసుకోండి. మూడో రోజు, నెల తర్వాత మళ్లీ చూడండి.

4. పేర్ల జాబితా అడగండి

అన్ని అడుగుల్లోకీ బరువైనది ఇదే. సంఖ్య ఎవరైనా చెప్పగలరు, పేర్లు రాయాలంటే మనుషులను వెతకాలి.

2023 అక్టోబరు 25న అమెరికా అధ్యక్షుడు బైడెన్ పాలస్తీనావాళ్లు చెప్పే లెక్క మీద తనకు నమ్మకం లేదన్నారు. మర్నాడే గాజా ఆరోగ్య శాఖ ఒక జాబితా విడుదల చేసింది. అప్పటికి చెబుతున్న మొత్తం 7,028 మందిలో 6,747 మంది పేర్లు, వయసు, స్త్రీ పురుష వివరం, గుర్తింపు సంఖ్య అందులో ఉన్నాయి. అలాంటి జాబితాలో ఒక్క వరుసను ఎలా చూడాలో చెబుతాను.

గుర్తింపు సంఖ్య అనేది అబద్ధానికి అడ్డం తిరిగే వస్తువు. గాజా ప్రజల జనాభా రిజిస్టరు మీద అదుపు ఇజ్రాయెల్‌దే, కాబట్టి సంఖ్యను ఊహించి వేస్తే పట్టుబడే అవకాశం ఎక్కువ. వయసూ పుట్టిన తేదీ పొంతన కుదిరాయా? ఒకే సంఖ్య రెండు వరుసల్లో ఉందా? తర్వాత పేరు. అరబిక్ పేరులో సాధారణంగా మనిషి పేరు, తండ్రి పేరు, తాత పేరు, ఇంటి పేరు వరసగా వస్తాయి. ఒక జాబితాలో నాలుగూ ఉంటే, ఇంకో జాబితాలో రెండే ఉంటాయి. మూడో చోట 'ఫలానావాడి తండ్రి' అని పెద్దకొడుకు పేరుతో పిలిచే వాడుక పేరు ఉంటుంది. లిపి మారిందంటే మొహమ్మద్, ముహమ్మద్, మొహమెద్ అని ఒకే మనిషి ముగ్గురవుతాడు. దీనికి తిరగబడిన ప్రమాదమూ ఉంది. ఒకే ఇంటి పేరుతో, తాత పేరు పెట్టుకున్న ఇద్దరు అన్నదమ్ముల పిల్లలు ఒకే ఇంట్లో ఒకే రోజు పోయినప్పుడు, రెండో పేరు 'డూప్లికేట్' అనుకుని కొట్టేస్తారు. అప్పుడు ఒక బిడ్డ లెక్కలోంచి జారిపోతుంది. అందుకే పేరు ఒక్కటే చూసి కలపకూడదు. పేరు, తండ్రి పేరు, వయసు, చనిపోయిన చోటు, తేదీ, వీటిలో కనీసం మూడు నాలుగు కలిస్తేనే ఒక మనిషి అనుకోవాలి. మిగతావి 'తేలాలి' అన్న గుర్తుతో పక్కన పెట్టాలి.

జాబితా నుంచి పేర్లు తీసేయడం కూడా జరుగుతుంది. గాజా జాబితాల్లోనూ తర్వాత కొన్ని పేర్లు తొలగించారు. అది చూసి 'దొరికిపోయారు' అని అరిచేవాళ్లుంటారు. ముందు చేర్చినప్పుడు జాగ్రత్త చాలలేదన్నది నిజం. కానీ అసలు దిద్దుబాటే లేని జాబితాను చూస్తే నాకు ఇంకా ఎక్కువ అనుమానం వస్తుంది.

మొత్తం సంఖ్య, పేరు తేలినవాళ్ల సంఖ్య రెండూ వేరని మర్చిపోతే ఎంత గందరగోళమో 2024 మేలో చూశాం. ఐక్యరాజ్యసమితి మానవతా వ్యవహారాల కార్యాలయం తన పట్టికలో గాజా పిల్లల మరణాలను 14,500కు పైగా నుంచి 7,797కి మార్చింది. 'సగానికి తగ్గించారు' అని గోల మొదలైంది. మొత్తం మృతుల సంఖ్య మాత్రం 34 వేల పైనే, అలాగే ఉంది. గుర్తింపు పూర్తిగా తేలిన 24,686 మందిలో పిల్లలెందరో మాత్రమే కొత్త పట్టిక చెప్పింది. మిగిలిన పదివేల మంది పేర్లు తేలాల్సినవాళ్లు. వాళ్లు బతికొచ్చినట్టు కాదు.

పేర్ల పని పూర్తయితే ఏం జరుగుతుందో బోస్నియా చెబుతుంది. 1992-95 యుద్ధం తర్వాత రెండు లక్షలు, రెండున్నర లక్షలు అన్న సంఖ్యలు ఏళ్ల తరబడి తిరిగాయి. సరయేవోలోని పరిశోధన, డాక్యుమెంటేషన్ కేంద్రం మిర్సాద్ తొకాచా నాయకత్వంలో ఊరూరా తిరిగి, కుటుంబాలను కలిసి, ఒక్కొక్క పేరూ నమోదు చేసింది. 2013లో తేలినవి 95,940 పేర్లు. వాళ్లలో సామాన్య పౌరులు 38,239. తమ బాధను తగ్గించారని అన్ని వైపుల నుంచీ కోపాలు వచ్చాయి. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ రెండున్నర లక్షలు అన్న సంఖ్యలో ఏ తల్లికీ తన కొడుకు కనపడడు. 95,940 పేర్లలో వెతికితే దొరుకుతాడు.

5. సామాన్యుడా, సాయుధుడా

1977 నాటి జెనీవా ఒప్పందాల మొదటి అదనపు ప్రోటోకాల్ 50వ అధికరణం ప్రకారం, అనుమానం ఉన్నప్పుడు ఆ మనిషిని పౌరుడిగానే చూడాలి. లెక్క రాసేవాళ్లు 'తెలియదు' అని మూడో గడి పెట్టుకోవడం ఇంకా నిజాయితీ. చనిపోయిన మగవాళ్లంతా యోధులే అనుకోవడం ఒక తప్పు, యూనిఫాం లేకపోతే పౌరుడే అనుకోవడం ఇంకో తప్పు.

వయసు, స్త్రీ పురుష నిష్పత్తి ఒక సూచన ఇస్తాయి. మృతుల్లో పిల్లలు, ఆడవాళ్లు, ముసలివాళ్ల వాటా ఆ ప్రాంత జనాభాలో వాళ్ల వాటాకు దగ్గరగా ఉంటే, చంపినవాళ్లు మనుషులను ఎంచుకోలేదని అర్థం. అయితే రొట్టెల కోసం, నీళ్ల కోసం బయటికి వెళ్లేది ఎక్కువగా మగవాళ్లే అయినచోట మామూలు పౌరుల్లోనూ మగవాళ్ల వాటా పెరుగుతుంది. సైనిక రికార్డుల్లో పేరుండటం కూడా చివరి మాట కాదు. కొడుకు సైనికుడిగా నమోదైతేనే పెన్షన్ వస్తుందంటే కుటుంబం అలాగే రాయించుకుంటుంది. బోస్నియాలో ఇలాంటి సందర్భాలు బయటపడ్డాయి.

మన భాషలో ఇంకో చిక్కుంది. తెలుగు పత్రికల్లో పౌరులకు 'మృతి' అని, మిలిటెంట్లకు 'హతం' అని రాయడం అలవాటు. చనిపోయింది ఎవరో తేలకముందే శీర్షికలోని క్రియ తీర్పు చెప్పేస్తుంది. తేలేదాకా 'చనిపోయారు' అని రాస్తే చాలు.

6. ఫొటోలు, వీడియోలు, ఆకాశం నుంచి తీసిన చిత్రాలు

ముందు రివర్స్ ఇమేజ్ సెర్చ్, అంటే ఫొటోనే ఇచ్చి అది ఇంతకు ముందు ఎక్కడ వచ్చిందో నెట్‌లో వెతకడం. పాత యుద్ధం ఫొటో కొత్త యుద్ధానికి వాడారేమో రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. వీడియో అయితే మూడు నాలుగు ఫ్రేములు విడివిడిగా వెతకండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలో తేదీ, చోటు తెలిపే అసలు సమాచారం మిగలదు, కాబట్టి మొదట పెట్టినవాళ్ల దగ్గరికే వెళ్లాలి. తర్వాత చోటు. మసీదు మినారు, నీళ్ల ట్యాంకు, వీధి మలుపు, దుకాణం బోర్డు, వీటిని శాటిలైట్ మ్యాపుతో పోల్చాలి. నీడ ఎటు పడింది, ఎంత పొడవుంది అన్నదాన్ని బట్టి టైమ్ పట్టుకోవచ్చు. ఒకే సంఘటనను నలుగురు నాలుగు వైపుల నుంచి తీస్తే అవే దేహాలు నాలుగుసార్లు లెక్కలోకి వస్తాయి. దుప్పటి రంగు, పక్కనున్న గోడ చూసి కలుపుకోవాలి.

శాటిలైట్ చిత్రాల్లో కొత్త సమాధులు లెక్కపెట్టడం మరియుపోల్‌లో పనికొచ్చింది. 2022 చివరికి అక్కడ 10,300 కొత్త సమాధులు ఏపీ లెక్కకు వచ్చాయి. సమాధి ఒకటి అంటే మనిషి ఒకరు అనుకోవద్దు. ఒక గుంటలో ఇద్దరుండవచ్చు, సహజంగా పోయినవాళ్లూ ఉండవచ్చు, శిథిలాలతోపాటు లారీలో వెళ్లిపోయినవాళ్లకు ఏ సమాధీ ఉండకపోవచ్చు.

7. జాబితాకు అందనివాళ్లను అంచనా కట్టడం

జాబితా ఎంత మంచిదైనా కొందరు మిగిలిపోతారు. వాళ్లను లెక్కలోకి తేవడానికి రెండు దారులున్నాయి.

మొదటిది జాబితాలను పోల్చడం. ఉదాహరణకు ఒక పట్టణంలో రెండు బృందాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మృతుల పేర్లు రాశాయనుకోండి. మొదటి జాబితాలో 60 పేర్లు, రెండోదాంట్లో 50. రెండింటిలోనూ ఉన్నవి 30. రెండో బృందానికి దొరికిన 50 మందిలో 30 మంది మొదటి బృందానికి ముందే దొరికారు, అంటే మొదటి బృందం పట్టుకోగలిగింది అరవై శాతం. ఆ అరవై శాతమే 60 పేర్లయితే మొత్తం నూరు. రెండు జాబితాలు కలిపితే వచ్చే వేరువేరు పేర్లు 80 మాత్రమే, ఎవరికీ దొరకనివాళ్లు 20 మంది. సూత్రం ఇంతే: రెండు జాబితాల సంఖ్యలను గుణించి, ఉమ్మడి పేర్లతో భాగించాలి.

చిక్కంతా 'సంబంధం లేకుండా' అన్న మాటలో ఉంది. రెండు బృందాలూ ఒకే ఆస్పత్రికి వెళ్లి రాసుకుంటే ఉమ్మడి పేర్లు పెరిగి మొత్తం తక్కువగా తేలుతుంది. ఒక వర్గంవాళ్లు ఒక బృందంతో, మరో వర్గంవాళ్లు ఇంకో బృందంతోనే మాట్లాడితే ఉమ్మడి తగ్గి మొత్తం ఉబ్బిపోతుంది. అందుకే నిపుణులు మూడు, నాలుగు జాబితాలు తీసుకుంటారు.

పెరూలో 1980-2000 మధ్య హింస మీద ఏర్పడిన సత్య, సయోధ్య కమిషన్ 2003లో ఈ పద్ధతితోనే 69,280 అన్న అంచనాకు వచ్చింది. పేర్లతో నమోదైనవాళ్లు 24 వేల లోపే. లెక్కకు అందకుండా పోయినవాళ్లలో కొండప్రాంతాల్లో క్వెచువా మాట్లాడే పేదలు ఎక్కువ. రాజధానికి వాళ్ల గోడు వినపడలేదు. 2019లో అదే సమాచారాన్ని ఇంకో పద్ధతిలో లెక్కగట్టిన పరిశోధకుడు 48 వేల దగ్గర తేలాడు. అంచనా ఎప్పుడూ పద్ధతి మీద ఆధారపడుతుందని గుర్తుంచుకోవడానికి ఈ రెండో సంఖ్యనూ పక్కన రాసుకోవాలి. సిరియాలో 2011 మార్చి నుంచి పదేళ్లలో 3,06,887 మంది పౌరులు పోయారని ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం 2022లో చెప్పింది. అందులో పేరు, తేదీ, చోటుతో నమోదైనవాళ్లు 1,43,350. మిగతా సగానికి పైగా ఇలా అంచనా కట్టినదే. గాజాలో 2024 జూన్ చివరికి గాయాలతో పోయినవాళ్లు 64,260 అని మూడు జాబితాలు పోల్చి లాన్సెట్‌లో అంచనా వచ్చింది. అప్పటికి ఆరోగ్య శాఖ చెబుతున్నది 37,877.

రెండో దారి ఇంటింటి సర్వే. కొన్ని చోట్లు ఎంచుకుని, ఆ ఇళ్లలో ఎవరు పోయారో అడిగి, దేశం మొత్తానికి హెచ్చిస్తారు. ఇరాక్ తేడా ఇక్కడికొస్తుంది. లాన్సెట్ సర్వే 47 చోట్ల 1,849 ఇళ్లకు వెళ్లింది. ప్రభుత్వ సర్వే 9,345 ఇళ్లు చూసింది, కానీ ప్రమాదకరమని 115 చోట్లకు అసలు వెళ్లనే లేదు. అక్కడి లెక్కను వేరే సమాచారంతో నింపింది. చిన్న శాంపిల్లో రెండు మూడు చోట్ల ఘోరం జరిగి ఉంటే దేశమంతా ఘోరంగా కనిపిస్తుంది. ఘోరం జరిగినచోటికే వెళ్లలేకపోతే దేశం నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. లాన్సెట్ సర్వే పద్ధతి వివరాలు పూర్తిగా బయటపెట్టలేదని అమెరికాలోని సర్వే పరిశోధకుల సంఘం 2009లో తప్పుపట్టింది. ఏ సర్వే చూసినా ఎన్ని ఇళ్లు, ఎన్ని చోట్లు, ఎక్కడికి వెళ్లలేకపోయారు అని అడగండి.

ఇంకొకటి, అంచనాతోపాటు వచ్చే హద్దులు. 2004 నాటి తొలి లాన్సెట్ సర్వే 98 వేల అదనపు మరణాలంది, హద్దులు 8 వేల నుంచి 1,94,000 దాకా. నచ్చనివాళ్లు 8 వేలు పట్టుకున్నారు, కోపం ఉన్నవాళ్లు 1,94,000 పట్టుకున్నారు. నిజం మధ్యకు దగ్గరగా ఉండే అవకాశం ఎక్కువ, చివరలకు తక్కువ. హద్దులు లేకుండా ఒక్క సంఖ్యే ఇచ్చే అంచనా కన్నా, వెడల్పు హద్దులు చూపించేదాన్నే నేను ఎక్కువ గౌరవిస్తాను.

8. మౌనాన్ని సున్నాగా రాయకండి

1981 డిసెంబరులో ఎల్ సాల్వడార్ సైన్యం ఎల్ మొసోతే గ్రామంలో జనాన్ని ఊచకోత కోసింది. అమెరికా పత్రికలు రాశాయి. ధ్రువీకరించే ఆధారం లేదని అమెరికా అధికారులు తమ చట్టసభ అయిన కాంగ్రెస్‌కు చెప్పారు. ఆ మాట పదేళ్లు నడిచింది. 1992లో అర్జెంటీనా ఫోరెన్సిక్ నిపుణులు అక్కడి చర్చి పక్క గదిలో తవ్వితే 143 మంది అవశేషాలు దొరికాయి. వాళ్లలో 131 మంది పన్నెండేళ్ల లోపు పిల్లలు.

'ఆధారం దొరకలేదు' అన్న మాట వినగానే అడగాల్సింది, ఎంత వెతికారు అని. సిరియాలోని రక్కాలో 2017 దాడుల మీద అమ్నెస్టీ, వైమానిక దాడుల్లో పోయిన పౌరుల లెక్క రాసే ఎయిర్‌వార్స్ సంస్థ శిథిలాల మధ్య తిరిగి, బతికినవాళ్లతో మాట్లాడి, 1,600 మందికి పైగా పౌరులు పోయారని 2019లో తేల్చాయి. అప్పటికి అమెరికా నాయకత్వంలోని సంకీర్ణ దళాలు ఒప్పుకున్నది 159. సూడాన్‌లోని ఖార్టూమ్ రాష్ట్రంలో యుద్ధం మొదటి 14 నెలల్లో అన్ని కారణాలతో 61 వేలకు పైగా చనిపోయారని లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్ పరిశోధకులు అంచనా కట్టారు. నూటికి తొంభైకి పైగా మరణాలు ఎక్కడా నమోదే కాలేదు. యుద్ధం ఎక్కువ ఉన్నచోటే ఫోను పనిచేయదు, ఆస్పత్రి ఉండదు, విలేకరి వెళ్లలేడు. కాబట్టి నమోదైన లెక్క ఒక్కసారిగా తగ్గితే హింస తగ్గిందా, లెక్క రాసేవాళ్లు పోయారా అని చూడాలి. సిరియాలో సమాచారం సరిచూసుకోలేక 2014 జనవరిలో ఐక్యరాజ్యసమితి కొన్నేళ్ల పాటు లెక్క చెప్పడమే ఆపేసింది. మరణాలు మాత్రం ఆగలేదు.

9. రాసేటప్పుడు

'బాంబు దాడిలో 300 మంది మృతి' అని రాయకండి. 'దాదాపు 300 మంది చనిపోయి ఉంటారని ప్రత్యక్ష సాక్షులను ఉటంకిస్తూ నగర పాలక మండలి శుక్రవారం తెలిపింది' అని రాయండి. శీర్షికలో చోటు చాలక 'కనీసం' అన్న మాట కోసేయకండి, వేరే ఏ మాటైనా కోయండి. 'స్వతంత్రంగా ధ్రువీకరణ కాలేదు' అని రాస్తే ఎందుకు కాలేదో కూడా రాయండి. విలేకరులను ఎవరు లోపలికి రానివ్వడం లేదో పాఠకులకు తెలియాలి. నమోదైనది, అంచనా, ఆరోపణ అనే మూడు మాటలను మార్చి మార్చి వాడకండి.

పేర్ల జాబితా చేతికొస్తే దాన్ని అలాగే నెట్‌లో పెట్టకండి. మృతుల గుర్తింపు సంఖ్య, ఇంటి చిరునామా, సమాచారం ఇచ్చిన బంధువు ఫోను నంబరు బతికున్నవాళ్లను పట్టించగలవు.

10. మళ్లీ తెరిచి చూడండి

మీరు రాసిన, పంచుకున్న ప్రతి సంఖ్యకూ ఒక తేదీ పెట్టుకోండి. నెలకు, ఏడాదికి, ఐదేళ్లకు. మారితే పాతదాన్ని దిద్దండి, ఏం మారిందో చెప్పండి.

1995 జులైలో బోస్నియాలోని స్రెబ్రెనిత్సాలో 8 వేలమందికి పైగా మగవాళ్లను, అబ్బాయిలను చంపారు. నేరం దాచడానికి ఆ తర్వాత సామూహిక సమాధులను యంత్రాలతో తవ్వి, దేహాలను వేరే చోట్లకు తరలించారు. ఆ క్రమంలో ఎముకలు చెల్లాచెదురై ఒకే మనిషివి నాలుగైదు గుంటల్లో దొరికాయి. ఆచూకీ లేనివారి అంతర్జాతీయ కమిషన్ బంధువుల రక్తం తీసుకుని, డీఎన్ఏ పోల్చి, దాదాపు ఏడు వేలమందిని పేరుతో గుర్తించింది. ఏటా జులై 11న ఆ పక్కనే ఉన్న పొతొచారి శ్మశానంలో ఆ ఏడాది గుర్తింపు తేలినవాళ్లను ఖననం చేస్తారు. దొరికిన కొన్ని ఎముకలనే పూడ్చాలా, మిగతావి దొరికేదాకా ఆగాలా అన్నది కుటుంబమే తేల్చుకోవాలి. కొందరు ఆగుతారు. కొందరు పూడ్చేస్తారు. ఏళ్ల తర్వాత ఇంకో ఎముక తేలిందని కబురొస్తే సమాధి మళ్లీ తెరుస్తారు.